ముఖానికి కావాల్సింది తెలుపు కాదు.. వెలుగు

* పెళ్లిచూపుల ఫొటోలో దీపాల అమరికే ప్రధానం
* రంగు మారిస్తే చిక్కు అమ్మాయికే
* చామనఛాయకు నప్పే స్టూడియో పద్ధతులు ఇవీ

శ్రీకాకుళం, విజయనగరం: పెళ్లి ముహూర్తాలు దగ్గరపడుతున్నాయంటే ఉభయ జిల్లాల్లోని ఫొటో స్టూడియోల మెట్లెక్కే అమ్మాయిల సంఖ్య పెరుగుతుంది. పట్టుచీర, పూలజడ, మెడలో నగలతో నిలుచుని ఒకటి, కూర్చుని ఒకటి, ముఖం మాత్రమే కనిపించేలా మరొకటి తీయించడం ఏళ్ల తరబడి వస్తున్న ఆనవాయితీ. ఒకప్పుడు ఆ ఫొటోను కవరులో పెట్టి పెళ్లిళ్ల పేరయ్య చేతికి అందించేవారు. నేడు అది వాట్సప్‌లో క్షణాల మీద అవతలి ఇంటికి చేరుతోంది. చేరే దారి మారినా దాని పని మారలేదు. ఒక కుటుంబం మరో కుటుంబపు అమ్మాయిని తొలిసారి చూసేది ఆ ఫొటోలోనే.

స్టూడియోలో అడుగుపెట్టగానే పెద్దల నోట తరచూ వచ్చే మాట ఒకటుంది. 'కాస్త తెల్లగా వచ్చేలా తీయండి' అన్నదే ఆ మాట. దాన్ని మన్నించడానికి లైటు పెంచుతారు. అదీ చాలకపోతే కంప్యూటరులో రంగు దిద్దుతారు. చామనఛాయ ముఖం పాలరాతి బొమ్మలా మారుతుంది. ఆ ఫొటో నచ్చి పెళ్లిచూపులకు వచ్చినవారు ఎదుట కూర్చున్న అమ్మాయిని చూసి, చేతిలోని ఫొటోను చూసి మౌనం వహిస్తారు. ఆ తేడాకు మాట పడేది ఫొటో తీసినవారు కాదు, తెల్లగా తీయమన్నవారూ కాదు. ఏ పాపమూ ఎరుగని ఆ అమ్మాయే.

నిజానికి మంచి స్టూడియో వెలుగు చేయాల్సిన పని రంగు మార్చడం కాదు, రూపం చూపడం. కళ్లలో మెరుపు, ముక్కు తీరు, చెక్కిలి ఒంపు, చుబుకం గీత స్పష్టంగా కనిపిస్తే ఏ రంగు ముఖమైనా అందంగానే ఉంటుంది. దానికి లక్షల రూపాయల సామగ్రి అక్కర్లేదు. దీపాన్ని ఎక్కడ, ఎంత దూరంలో, ఎంత ఎత్తులో నిలపాలో తెలిస్తే చాలు.

వెలుగు పెంచితే పోయేదేమిటి?

మనిషి ముఖానికి లోతు ఉంది. ఫొటోకు లేదు. చదునైన కాగితం మీద లోతు ఉన్న భ్రమ కల్పించేది నీడ ఒక్కటే. ముక్కు పక్కన సన్నని నీడ పడితేనే ముక్కు ఉన్నతంగా కనిపిస్తుంది. చెక్కిలి కింద మసక ఉంటేనే చెక్కిలి ఎముక తెలుస్తుంది. రెండు వైపులా రెండు గొడుగు లైట్లు ఒకే దూరంలో, ఒకే శక్తితో వెలిగితే ఒకదాని నీడను మరొకటి చెరిపేస్తుంది. అప్పుడు ముఖం పళ్లెంలా చదునుగా వస్తుంది.

పాస్‌పోర్టు ఫొటోకు ఈ పద్ధతే సరైనది. ముఖం మీద గానీ వెనుక గోడ మీద గానీ నీడ ఉండరాదన్నది అక్కడి నియమం. గుర్తింపు కోసం తీసే ఫొటోకు అమర్చిన లైట్లను కదపకుండానే పెళ్లిచూపుల ఫొటో కూడా తీయడం వల్లే అనేక చిత్రాలు నిర్జీవంగా వస్తుంటాయి.

వెలుగును అవసరానికి మించి పెంచితే నష్టం ఇంకా ఎక్కువ. కెమెరాలోని సెన్సరు ఒక పరిమితి వరకే వెలుగును నమోదు చేస్తుంది. అది దాటిన చోట మిగిలేది శుద్ధ తెలుపు మాత్రమే. నుదురు, ముక్కుదూలం, బుగ్గలు అలా తెల్లబడితే అక్కడి చర్మపు నేత, సహజమైన ఎర్రదనం శాశ్వతంగా పోతాయి. తర్వాత కంప్యూటరులో ఎంత తగ్గించినా అక్కడ బూడిద రంగు వస్తుందే తప్ప పోయిన వివరం తిరిగి రాదు. కంప్యూటరులో ముఖాన్ని మాత్రమే తెలుపు చేసినప్పుడు మరో ఎబ్బెట్టుతనం బయటపడుతుంది. ముఖం ఒక రంగులో, మెడ మరో రంగులో, ఒడిలో పెట్టుకున్న చేతులు ఇంకో రంగులో ఉంటాయి. చూసేవారికి మొదట అనుమానం కలిగేది ఆ చేతుల దగ్గరే.

నాటి నుంచి నేటి వరకు

స్త్రీల ముఖచిత్రాలకు తెలుగునాట పాత చరిత్రే ఉంది. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీనదయాళ్ 1892లో హైదరాబాదులో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో నెలకొల్పారు. దాని నిర్వహణను ఒక ఆంగ్ల వనితకు అప్పగించారు. పరపురుషుల కంటపడకుండా ఫొటో తీయించుకునే వీలు అక్కడ కల్పించారు. విజయనగరంలో గురజాడ 'కన్యాశుల్కం' నాటకం తొలిసారి ప్రదర్శితమైందీ ఆ సంవత్సరమే. ఆడపిల్ల పెళ్లి పెద్దల బేరసారాలతో సాగిన ఆ కాలంలో, తన రూపాన్ని ఎవరు, ఎలా చిత్రించాలన్న విషయంలో స్త్రీ మర్యాదకు విలువ ఇచ్చిన ఏర్పాటు అది.

ఆనాటి స్టూడియోలకు సూర్యుడే దీపం. పైకప్పుకో, ఉత్తరపు గోడకో గాజు పలకలు అమర్చి, వాటి కింద తెరలు కట్టి వెలుగును అదుపు చేసేవారు. తర్వాత విద్యుద్దీపాలు వచ్చాయి. తెలుగు సినిమా నలుపు తెలుపుల యుగంలో ఈ విద్య శిఖరాన్ని అందుకుంది. 'పాతాళభైరవి' (1951), 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957), 'గుండమ్మ కథ' (1962) చిత్రాలకు ఛాయాగ్రహణం నిర్వహించిన మార్కస్ బార్ట్‌లే పనితనాన్ని నేటికీ పాఠంగా చెప్పుకుంటారు. ఆ చిత్రాల్లో రంగు లేదు. కాబట్టి కథానాయికల అందమంతా వెలుగు నీడలే చెప్పాల్సి వచ్చింది. దగ్గర నుంచి తీసిన షాట్లను నిలిపి చూస్తే ముక్కు నీడ ఏ దిక్కున పడిందో, జుట్టు అంచున వెలుగు రేఖ ఎక్కడి నుంచి వచ్చిందో నేర్చుకునేవారికి తెలిసిపోతుంది.

రంగు ఫిల్ము రాకతో ఒక చిక్కు మొదలైంది. అమెరికాలోని కోడాక్ సంస్థ 1950లలో ఫొటోలు ముద్రించే ల్యాబులకు ఒక నమూనా కార్డు పంపేది. అందులో ఒక తెల్లజాతి యువతి చిత్రం ఉండేది. తొలి నమూనాగా నిలిచిన యువతి పేరు మీదుగా దాన్ని 'షిర్లీ కార్డు' అన్నారు. ఆమె చర్మం సరిగా వచ్చిందంటే ముద్రణ సరిగా ఉన్నట్టు లెక్క. నల్లని, గోధుమ వర్ణపు చర్మాలు ఎలా వస్తున్నాయన్నది ఆ లెక్కలో లేదు. కెనడా పరిశోధకురాలు లోర్నా రాత్ ఈ ఉదంతాన్ని 2009లో ప్రచురించిన వ్యాసంలో వివరించారు. చాక్లెట్ల తయారీదారులు, కలప సామాను అమ్మేవారు తమ సరుకులోని గోధుమ రంగు తేడాలు ఫొటోల్లో కనిపించడం లేదని ఫిర్యాదు చేసిన తర్వాతే ఆ ఫిల్ములో మార్పులు వచ్చాయని కోడాక్ మాజీ ఉద్యోగులు ఆమెకు తెలిపారు. వివిధ జాతుల యువతులున్న కార్డులు 1990ల మధ్యలో గానీ వెలువడలేదు.

నేటి డిజిటల్ కెమెరాలకు ఆ ఫిల్ముకున్న ఇబ్బంది చాలావరకు లేదు. చామనఛాయలోని సూక్ష్మ భేదాలను అవి చక్కగా పట్టుకోగలవు. అయినా ముఖాలు తెల్లబడుతున్నాయంటే లోపం యంత్రంలో ఉన్నట్టు కాదు. కోరేవారిలోనూ కాదనలేనివారిలోనూ ఉన్నట్టు.

మెత్తని వెలుగు రహస్యం

అందమైన ముఖచిత్రానికి మెత్తని వెలుగు కావాలని అందరూ అంటారు. మెత్తదనం అంటే వెలుగు తక్కువగా ఉండటం కాదు. నీడ అంచు కత్తిగీత పెట్టినట్టు కాకుండా క్రమంగా కరిగిపోవడం. అది దీపం శక్తిని బట్టి రాదు. ముఖానికి ఆ దీపం ఎంత పెద్దదిగా కనిపిస్తోందన్న దాన్ని బట్టి వస్తుంది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా భూమికి దూరం కనుక చిన్న బిళ్లలా కనిపిస్తాడు. అందుకే మిట్టమధ్యాహ్నపు నీడ పదునుగా ఉంటుంది. మబ్బు కమ్మితే ఆకాశమంతా ఒకే దీపం అవుతుంది. నీడలు కరిగిపోతాయి.

స్టూడియోలో సాఫ్ట్‌బాక్సు, గొడుగు చేసేది ఆ మబ్బు పనే. మూడడుగుల సాఫ్ట్‌బాక్సును మూడడుగుల దూరంలో పెడితే వెలుగు మెత్తగా ఉంటుంది. అదే బాక్సును తొమ్మిది అడుగుల దూరానికి జరిపితే ముఖానికి అది మూడో వంతు పరిమాణంలోనే కనిపిస్తుంది. వెలుగు గట్టిపడుతుంది. ఖరీదైన బాక్సు కొని గది మూలన నిలబెడితే దాని ప్రయోజనం చాలావరకు వృథా అయినట్టే.

దూరానికి మరో సూత్రం కూడా ఉంది. దీపానికీ ముఖానికీ మధ్య దూరం రెట్టింపైతే వెలుగు సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. మూడు రెట్లయితే తొమ్మిదో వంతు. చిన్న దీపాలకు ఇది కచ్చితంగా, పెద్ద సాఫ్ట్‌బాక్సులకు సుమారుగా వర్తిస్తుంది. ఇరుకు స్టూడియోలకు ఈ సూత్రం వరం వంటిది. ముఖానికి మూడడుగుల దూరంలో దీపం ఉండి, వెనుక గోడ ఆ దీపానికి తొమ్మిది అడుగుల దూరంలో ఉంటే గోడపై పడే వెలుగు ముఖంపై పడేదానిలో తొమ్మిదో వంతే. లేత నీలం గోడ కూడా ముదురు నీలంగా కనిపిస్తుంది. తెర మార్చకుండానే నేపథ్యం మారుతుంది. గోడ లేతగానే కావాలంటే దానికి విడిగా ఒక చిన్న లైటు వేస్తే సరిపోతుంది.

నాలుగు అమరికలు

సౌందర్య చిత్రాలకు ప్రపంచవ్యాప్తంగా వాడుకలో ఉన్న అమరికలు అనేకం. వాటిలో నాలుగు మన స్టూడియోలకు సరిపోతాయి.

బటర్‌ఫ్లై: ప్రధాన దీపం కెమెరాకు సరిగ్గా పైన, ముఖానికి ఎదురుగా, కళ్ల కంటే ఎత్తులో ఉంటుంది. ముక్కు కింద సీతాకోకచిలుక రెక్కల వంటి చిన్న నీడ పడుతుంది. ఆ పేరు అందుకే వచ్చింది. 1930లలో హాలీవుడ్‌లోని పారామౌంట్ స్టూడియో తారామణి మార్లిన్ డీట్రిచ్‌ను ఈ పద్ధతిలోనే చూపి పేరు పొందింది. చెక్కిళ్లు కోలగా, కళ్లు వెడల్పుగా కనిపిస్తాయి. ముక్కు నీడ పెదవి అంచును తాకకుండా చూసుకోవాలి. దీపం మరీ ఎత్తుకు వెళితే కళ్లు గుంటల్లోకి పోయినట్టు ఉంటాయి.

క్లామ్‌షెల్: బటర్‌ఫ్లై దీపం అలాగే ఉంచి, చుబుకం కింద ఛాతీ ఎత్తున ఒక రిఫ్లెక్టరు గానీ తక్కువ శక్తి గల మరో దీపం గానీ పెడతారు. తెరిచిన ఆల్చిప్ప మధ్య ముఖం ఉన్నట్టు అమరిక కనిపిస్తుంది. కళ్ల కింది నల్లని వలయాలు, మెడ నీడ తగ్గుతాయి. కంటిపాపలో పైన ఒకటి, కింద ఒకటి రెండు మెరుపులు వస్తాయి. కింది వెలుగు పైదానిలో సగానికి మించరాదు. రెండూ సమానమైతే ముఖం మళ్లీ చదునవుతుంది. కిందిది ఎక్కువైతే కాగడా వెలుగులో భయపెట్టే ముఖంలా వస్తుంది.

లూప్: దీపాన్ని కెమెరా పక్కకు 30 నుంచి 45 డిగ్రీలు జరిపి, కాస్త ఎత్తులో ఉంచుతారు. ముక్కు పక్కన ఏటవాలుగా చిన్న నీడ పడుతుంది. ఎక్కువ ముఖాలకు నప్పేది, నేర్చుకునేవారు మొదట సాధన చేయాల్సినది ఇదే.

రెంబ్రాంట్: దీపం ఇంకా పక్కకు వెళితే ముక్కు నీడ, చెక్కిలి నీడ కలిసిపోతాయి. నీడవైపు కంటి కింద త్రికోణం ఆకారంలో వెలుగు మిగులుతుంది. పదిహేడో శతాబ్దపు డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ చిత్రాల్లో ఇది కనిపిస్తుంది కనుక ఆయన పేరు పెట్టారు. గంభీరమైన భావానికి ఇది తగినది. పెళ్లిచూపుల ఫొటోకు వాడితే నీడవైపు తెల్లని థర్మాకోల్ షీటు పెట్టి చీకటిని తగ్గించాలి.

వీటిలో ఏది ఎవరికన్నది ముఖాన్ని బట్టి నిర్ణయించాలి. గుండ్రని ముఖమైతే కెమెరాకు దూరంగా ఉన్న చెంపపై వెలుగు పడేలా, దగ్గరి చెంప నీడలో ఉండేలా తిప్పాలి. ముఖం కోలగా కనిపిస్తుంది. బక్కపలుచని ముఖమైతే దానికి విరుద్ధంగా దగ్గరి చెంపపై వెలుగు వేయాలి. నిండుదనం వస్తుంది. కళ్లద్దాలుంటే దీపాన్ని మరికొంత ఎత్తుకు, పక్కకు జరిపితే అద్దాల్లో ప్రతిబింబం తప్పుతుంది. ఏ అమరికలోనైనా కంటిపాపలో వెలుగు చుక్క ఉందో లేదో ముందుగా చూసుకోవాలి. అది లేని కన్ను నిద్రమత్తులో ఉన్నట్టే ఉంటుంది.

పొందూరు చీర కట్టుకుంటే...

కెమెరాలోని మీటరుకు తన ఎదుట ఉన్నది తెల్లని చీరా, నల్లని కోటా అన్నది తెలియదు. దేన్ని చూసినా మధ్యస్థమైన బూడిద రంగుగా భావించి లెక్క కడుతుంది. వాడుకలో దీన్ని 18 శాతం బూడిద అంటారు. శ్రీకాకుళం జిల్లాకు పేరు తెచ్చిన తెల్లని పొందూరు ఖాదీ చీర కట్టుకున్న అమ్మాయిని ఆటోమేటిక్‌లో తీస్తే, ఆ తెలుపును బూడిదగా మార్చాలని కెమెరా వెలుగును తగ్గిస్తుంది. చీర మాసినట్టు, ముఖం అసలు కంటే నల్లగా వస్తాయి. ముదురు రంగు పట్టుచీర, నల్లని తెర ఉంటే ఇందుకు విరుద్ధం. కెమెరా వెలుగు పెంచి ముఖాన్ని తెల్లబరుస్తుంది. ఒకే అమ్మాయి రెండు చీరల్లో రెండు రంగుల్లో కనిపించడానికి కారణం ఇదే.

దీనికి విరుగుడు చేతి లైట్‌మీటరు. దాన్ని చుబుకం దగ్గర పెట్టి, దీపం నుంచి వచ్చి పడుతున్న వెలుగును కొలవాలి. పడుతున్న వెలుగు చీర రంగును బట్టి మారదు కనుక లెక్క తప్పదు. మీటరు లేనివారు బూడిద కార్డును ముఖం పక్కన పెట్టి ఒక చిత్రం తీసి, దాని ప్రకారం కెమెరాను మాన్యువల్‌లో స్థిరపరచుకోవచ్చు. అలా ఒకసారి సరిచేశాక ఆ దీపం కదలనంత వరకు ఎన్ని చీరలు మార్చినా ముఖం రంగు ఒక్కటే ఉంటుంది.

చామనఛాయ, నలుపు చర్మాలకు మరో విశేషం ఉంది. లేత చర్మంపై రూపం నీడల ద్వారా ఎక్కువగా తెలుస్తుంది. ముదురు చర్మంపై మెరుపుల ద్వారా ఎక్కువగా తెలుస్తుంది. నుదుటి వంపు మీద, చెక్కిలి మీద, ముక్కు మీద సాగే నున్నని కాంతి రేఖలే ఆ ముఖానికి శిల్పసౌందర్యం ఇస్తాయి. చిన్న దీపం పెడితే ఆ మెరుపు చమురు చుక్కలా ఉంటుంది. పెద్ద సాఫ్ట్‌బాక్సును దగ్గరగా, కొంచెం పక్కగా పెడితే అదే మెరుపు విశాలంగా, మృదువుగా పరచుకుంటుంది. వెలుగు పెంచడం కంటే దీపం పరిమాణం పెంచడం మేలన్నమాట.

మల్లెలు, నగలు, చెమట

నల్లని జడ ముదురు తెరలో కలిసిపోకుండా వెనుక వైపు నుంచి వేసేది హెయిర్ లైటు. నూనె రాసి దువ్విన జుట్టు అంచున అది వెండి గీత గీస్తుంది. అయితే జడలో మల్లెలు, సన్నజాజులు ఉంటే ఆ దీపం శక్తి తగ్గించాలి. లేదంటే పూరేకుల వివరం పోయి తెల్లని ముద్ద మిగులుతుంది. కనకాంబరాలకు ఈ ఇబ్బంది తక్కువ. హెయిర్ లైటు ముక్కు కొసను తాకకుండా, నేరుగా లెన్సులోకి రాకుండా తేనెపట్టు ఆకారపు గ్రిడ్ గానీ నల్ల అట్టముక్క గానీ అడ్డు పెట్టాలి.

బంగారు నగలు అద్దాల వంటివి. ఎదుట ఏది ఉంటే దాన్నే చూపుతాయి. ఎదుట చీకటి గది ఉంటే హారం నల్లగా, చిన్న బల్బు ఉంటే ఒకే చోట మిరుమిట్లు గొలిపేలా కనిపిస్తుంది. పెద్ద తెల్లని వస్తువు ఎదుట ఉంటేనే పసిడి వన్నె తెలుస్తుంది. ముఖానికి పెట్టిన సాఫ్ట్‌బాక్సు, చుబుకం కింది తెల్ల రిఫ్లెక్టరు ఈ పని కూడా చేస్తాయి. జరీ అంచుకూ ఇదే వర్తిస్తుంది.

సముద్రతీర ప్రాంతం కావడంతో ఇక్కడి గాలిలో తేమ ఎక్కువ. పట్టుచీర కట్టుకుని లైట్ల ముందు కూర్చున్న కాసేపటికే ముఖంపై చెమట పడుతుంది. దాన్ని దాచడానికి పౌడరు మీద పౌడరు అద్దడం సరికాదు. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్న పౌడర్లు, క్రీములు ఫ్లాష్ వెలుగును తిప్పికొట్టి ముఖంపై బూడిద చల్లినట్టు చూపుతాయి. చామనఛాయపై అది మరీ కొట్టొచ్చినట్టు ఉంటుంది. మెత్తని కాగితంతో చెమటను అద్ది తీసి, పలుచగా మాత్రమే పౌడరు వేయాలి. వేడి పుట్టించే హాలోజన్ దీపాల కంటే ఫ్లాష్, ఎల్‌ఈడీ దీపాలు ఈ వాతావరణానికి అనుకూలం.

ఎల్‌ఈడీ కొనేవారు ధర ఒక్కటే చూడరాదు. నాసిరకం దీపాల్లో ఎరుపు పాలు తక్కువ. వాటి కింద చామనఛాయ పాలిపోయినట్టు వస్తుంది. రంగులను యథాతథంగా చూపే శక్తిని సూచించే సీఆర్ఐ అంకె 95 గానీ అంతకు మించి గానీ ఉన్నవి మేలు. పగటి వెలుగు సుమారు 5500 కెల్విన్‌లు, పాత తరహా స్టూడియో బల్బు 3200 కెల్విన్‌లు. రెండూ కలిస్తే ఒక చెంప నీలంగా, మరో చెంప పసుపుగా వస్తుంది. ఫొటో తీసేటప్పుడు గదిలోని ట్యూబులైట్లు ఆర్పాలి. గోడలకు వేసిన ఆకుపచ్చ, గులాబీ రంగులు కూడా ముఖంపై ప్రతిఫలిస్తాయి. దీపాలున్న గదికి తెలుపు, బూడిద, నలుపు రంగులే ఉత్తమం.

దీపాలు లేకున్నా...

లైట్లు కొనే స్తోమత లేని చిన్న ఊళ్ల ఛాయాగ్రాహకులకు పాత ఇళ్లే స్టూడియోలు. మండువా లోగిలి నడిమి నుంచి దిగే వెలుగు, వీధి అరుగు మీద నీడపట్టున పరచుకునే వెలుగు సహజమైన సాఫ్ట్‌బాక్సులు. మండువాలో వెలుగు పైనుంచి వస్తుంది కనుక అమ్మాయిని నడిమధ్యన కాకుండా వసారా అంచున, వెలుగుకు ఎదురుగా కూర్చోబెట్టాలి. ఒడిలో తెల్లని తువ్వాలు గానీ థర్మాకోల్ ముక్క గానీ ఉంచితే కళ్ల కింద నీడ తగ్గుతుంది. ఎండ పడే కిటికీకి ఉతికిన తెల్ల పంచె కడితే ఆ కిటికీయే పెద్ద దీపమవుతుంది.

ఉత్తరపు కిటికీలో నేరుగా ఎండ పడదన్నది ఫొటోగ్రఫీ పుస్తకాల్లో కనిపించే మాట. అది ఐరోపా దేశాలకు సరిపోయినంతగా మనకు సరిపోదు. శ్రీకాకుళం, విజయనగరం సుమారు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నాయి. మే రెండో వారంలో, మళ్లీ జులై నెలాఖరున మధ్యాహ్నం సూర్యుడు ఇక్కడ దాదాపు నడినెత్తిన ఉంటాడు. ఆ రెండింటి మధ్య మధ్యాహ్న వేళ కూడా ఉత్తరానికే కాస్త ఒరిగి ఉంటాడు. వేసవి ముహూర్తాల కాలంలో ఉదయం, సాయంత్రం ఉత్తరపు కిటికీలోకీ ఎండ జొరబడుతుంది. ఆ నెలల్లో తెల్లని తెర తప్పదు. శీతకాలంలో మాత్రం ఉత్తరపు వెలుగు రోజంతా నిలకడగా ఉంటుంది.

సెల్‌ఫోనుతో తీసేవారు ముఖానికి మరీ దగ్గరగా వెళ్లరాదు. అడుగు దూరం నుంచి తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా వస్తాయి. అయిదారు అడుగుల దూరంలో నిలబడి, జూమ్ లెన్సు ఉన్న ఫోనైతే దాన్ని వాడాలి. స్టూడియో కెమెరాలకు 85 మి.మీ. లెన్సును ఎంచుకోవడంలో ఉద్దేశం కూడా ఇదే. ఫోనులో బ్యూటీ ఫిల్టరు ఉంటే ముందుగా ఆపివేయాలి. అది అడగకుండానే చర్మాన్ని నునుపు చేసి రంగు మారుస్తుంది.

మారుతున్న కాలం

రంగుపై ఉన్న మోజును ఇప్పుడు వ్యాపార సంస్థలే బహిరంగంగా సమర్థించలేని స్థితి వచ్చింది. 1975 నుంచి 'ఫెయిర్ అండ్ లవ్లీ' పేరుతో అమ్ముడైన క్రీము పేరును హిందుస్థాన్ యూనిలీవర్ 2020లో 'గ్లో అండ్ లవ్లీ'గా మార్చింది. అదే ఏడాది వినియోగదారుల నిరసనతో షాదీ డాట్ కామ్ తన వెబ్‌సైటులో చర్మపు రంగును బట్టి సంబంధాలను వెదికే ఏర్పాటును తొలగించింది. పేర్లు మారినంత మాత్రాన మనసులు మారవు. కానీ స్టూడియో నిర్వాహకుడు తన గదిలో తీసుకునే నిర్ణయం ఆయన చేతిలోనే ఉంది.

అది ఆయన బతుకుదెరువుకు సంబంధించిన విషయం కూడా. చేతిలో ఫోను ఉన్న ప్రతివారూ ఫొటో తీస్తున్న రోజులివి. ముఖాన్ని తెల్లబరచడం ఫోను కూడా చేస్తుంది, అదీ ఉచితంగా. వెలుగు నీడలను ముఖానికి తగ్గట్టు మలచడం మాత్రం దానికి చేతకాదు. జనం స్టూడియోకు రావడానికి ఇక మిగిలిన బలమైన కారణం ఆ విద్యే. 'తెల్లగా తీయండి' అన్నవారితో వాదించనవసరం లేదు. ముందుగా సరైన అమరికతో ఒక చిత్రం తీసి, దాన్ని పెద్ద తెరపై అమ్మాయికీ ఇంటివారికీ చూపితే చాలు. తమ బిడ్డ తన రంగులోనే ఇంత కళగా ఉందని చూశాక తెల్లదనం మాట వెనక్కి పోవచ్చు. ఆ ఫొటో చూసి వచ్చినవారికి ఎదుట కనిపించేదీ ఆ ముఖమే అవుతుంది.

స్టూడియోకు వెళ్లేవారు గమనించాల్సినవి

* పాస్‌పోర్టు ఫొటో లైట్ల కిందే కూర్చోబెడితే, ప్రధాన దీపాన్ని కాస్త పక్కకు, పైకి జరపమని అడగాలి.
* తీసిన చిత్రాన్ని అక్కడికక్కడే చూడాలి. కంటిపాపలో వెలుగు చుక్క ఉందా, నుదురు తెల్లగా పేలిపోయిందా అన్నది పరిశీలించాలి.
* ముఖం, మెడ, చేతుల రంగు ఒకేలా ఉందో లేదో సరిచూడాలి. తేడా ఉంటే దిద్దుబాటు ఎక్కువైనట్టు.
* మొటిమ వంటి తాత్కాలిక మచ్చను తొలగించమనడంలో తప్పు లేదు. పుట్టుమచ్చను, చర్మపు రంగును మార్చవద్దని ముందే చెప్పాలి.
* ముఖం కడిగి, కాసేపు ఫ్యాను కింద సేదతీరాకే లైట్ల ముందు కూర్చోవాలి. తెల్లగా కనిపించే క్రీములు, మందపాటి పౌడరు వాడరాదు.
* మ్యాట్ కుంకుమ బొట్టు, కాటుక ఫొటోలో బాగా వస్తాయి. మెరిసే స్టిక్కరు బొట్టు దీపాన్ని ప్రతిఫలిస్తుంది.
* ఫొటో కాపీలు ఎవరి వద్ద ఉంటాయో తెలుసుకోవాలి. అమ్మాయి అనుమతి లేకుండా స్టూడియో అద్దాల బీరువాలోనో, సామాజిక మాధ్యమాల్లోనో ప్రదర్శించరాదని స్పష్టం చేయాలి.